వచ్చేవాళ్ల పొయ్యి

తలుపు తియ్యగానే మొదట పొయ్యి కనిపించింది. గోడ తొర్రలో కుదురుగా కూర్చున్న ఇనుప పొయ్యి, ముందు గాజు తలుపు. లోపల ఎవరో అన్నీ పేర్చి పెట్టి వెళ్లారు. అడుగున నలిపిన కాగితం ఉండలు, వాటి మీద అడ్డంగా నిలువుగా సన్న పుల్లలు, పైన రెండు చీల్చిన కట్టెలు. పక్కన అగ్గిపెట్టె. బల్ల మీద ఇంటి వివరాల పుస్తకం ఉంటే మా అమ్మాయి తిరగేసి చెప్పింది: "పొద్దున ఖాళీ చేసి పోయినవాళ్లు పేర్చినారంట నాన్నా. మనం పోయేటప్పుడు మనమూ ఇట్లే పేర్చి పోవాలంట."

అగ్గిపుల్ల గీసి కాగితానికి అంటించాను. ఒక్క పుల్లతోనే అందుకుంది. ఎవరో తెలియదు, ఏ దేశం వాళ్లో తెలియదు, వాళ్లు పేర్చిన మంట దగ్గర మేం చేతులు కాచుకున్నాం. ఆ ఇంట్లో ఉన్న ఐదు రోజులూ నా మనసు ఆ పొయ్యి దగ్గరే తచ్చాడింది.

అక్టోబర్ నెలాఖరు. గ్లాస్గోలో ఉండే మా అమ్మాయి, అల్లుడు, నాలుగేళ్ల మనవరాలు, నేను, మా ఆవిడ. గ్లాస్గో నుంచి దక్షిణంగా పెద్ద రోడ్డు మీద కొంత దూరం వచ్చి, డాల్వీన్ కనుమలోంచి దిగితే నిత్ నది లోయ వస్తుంది. డంఫ్రీస్ ప్రాంతం అది. స్కాట్లండ్ అంటే మన వాళ్లంతా ఉత్తరాన ఉండే ఎత్తు కొండల వైపు పోతారు, ఇటు వచ్చేవాళ్లు తక్కువ. కనుమలో రెండు పక్కలా చెట్టన్నది లేని గుండ్రటి కొండలు, ఎండిన గడ్డితో, తుప్పు రంగుకు తిరిగిన బ్రాకెన్ పొదలతో ఉన్నాయి. అంత పెద్ద బోడి కొండలను చూస్తే నాకు మా గుత్తి వైపు కొండలు గుర్తొచ్చాయి. మావి రాతి కొండలు, వీటికేమో పైదాకా గడ్డి. కానీ చెట్టు లేని ఆ నిబ్బరం ఒకటే.

ఇల్లు ఒక సన్న దారి చివర ఉంది, ఎదురుగా బండి వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిన దారి. మధ్యలో రైతు ఇల్లు, దాన్ని ఆనుకుని గుర్రపు లాడం ఆకారంలో పశువుల కొట్టాలు, ధాన్యం కొట్లు, నడుమ రాళ్లు పరిచిన వాకిలి. ఇదంతా కలిపి వాళ్లు స్టెడింగ్ అంటారు. గోడలు విన్‌స్టోన్ అనే నల్లటి గట్టి రాయివి. అది చెక్కడానికి లొంగదు కాబట్టి కిటికీల చుట్టూ, గుమ్మాల చుట్టూ మాత్రం ఆ జిల్లాలోనే దొరికే ఎర్ర ఇసుకరాయి పెట్టారు. నల్ల గోడకు ఎర్ర అంచు. గ్లాస్గోలో మేం చూసిన కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ఎర్రగా వెలిగిపోయేది ఈ డంఫ్రీస్ ప్రాంతపు రాయితోనే, లోకార్‌బ్రిగ్స్ గని నుంచి తీసిన రాయి. పట్నంలో రాజభవనంలా నిలబడిన రాయే ఇక్కడ ఆవుల కొట్టానికి గుమ్మమైంది.

మాకిచ్చిన పడక గది ఒకప్పటి ఆవుల కొట్టం. మోకాలెత్తున గోడలో ఒక ఇనుప కడియం ఉంది. నా చిటికెన వేలంత మందం, కింది వైపు మాత్రం అరిగి సగమైంది. మనవరాలు దాన్ని పట్టుకుని లాగింది. "తాతా, ఇదేంది?" "ఆవును కట్టేసేది తల్లీ. దీనికి పలుపు కట్టేవాళ్లు." "ఆవు ఈడ పడుకుంటాదా?" "పడుకునేది." ఆ పిల్ల మంచం కింద తొంగి చూసింది. నేను మాత్రం ఆ కడియం అరిగిన చోట వేలు పెట్టి కూర్చున్నాను. ఇనుము అంత అరగాలంటే ఎన్ని ఆవులు ఎన్ని రాత్రులు తల తిప్పి ఉంటాయి! బాగు చేసినవాళ్లు దాన్ని పీకేసి గోడ నున్నగా పూయొచ్చు. పూయలేదు. గచ్చు కూడా గుమ్మం వైపు కొద్దిగా వాలుగానే ఉంచారు, మూత్రం పారిపోవడానికి ఒకప్పుడు పెట్టిన వాలు అది.

మా జేజినాయన కట్టిన ఇల్లు చౌడు మిద్దె. గుత్తికి అవతల, నల్లరేగడి చేల మధ్య ఊరు. నడవలో అడుగు పెడితే ఎడమ చేతి వైపు రెండు మెట్లు దిగి ఎద్దుల కొట్టం, అదే కప్పు కింద, అదే గుమ్మంలోంచి. రాత్రిళ్లు ఎద్దు తల విదిలిస్తే మెడగంట ఒక్కసారి మోగి ఊరుకునేది. ఆ చప్పుడు వినపడకపోతే జేజి నిద్రలోంచి లేచి లాంతరు పట్టుకుని పోయి చూసి వచ్చేది. స్కాట్లండ్‌లో పాత కాలపు రైతులు కూడా పశువులతో ఒకే కప్పు కింద పడుకున్నవాళ్లే. చలికి పశువు ఒంటి వేడి వాళ్లకు అక్కరకొచ్చేది. మాకు వేడి అక్కర్లేదు, దొంగల భయం. కారణాలు వేరైనా, ఇంటికి వచ్చిన మనిషి ముందు పశువును పలకరించి తర్వాత మనుషుల దగ్గరికి పోవడం రెండు చోట్లా ఒకటే.

ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మనిషి. దగ్గర్లోనే చిన్న ఇంట్లో ఉంటుంది. రెండో రోజు గుడ్లు ఇవ్వడానికి వచ్చి, మా ఆవిడ పెట్టిన అల్లం టీ తాగుతూ గంట సేపు కూర్చుంది. మా అమ్మాయి అటూ ఇటూ మాట కలిపింది. ఈ కొట్టంలో తన అత్తగారు చేత్తో పాలు పితికేదని ఆ పెద్దావిడ చెప్పింది. తర్వాత పాలు పితికే మెషీన్లు వచ్చాయి. మెషీన్లు పెద్దవయ్యాయి, ట్రాక్టర్లు పెద్దవయ్యాయి, ఈ గుమ్మాలు మాత్రం అంతే ఉన్నాయి. గుర్రం బండి పట్టేలా కట్టిన వాకిట్లోకి కొత్త ట్రాక్టర్ తిరగదు. అందుకని పొలంలో రేకుల షెడ్డు వేసుకున్నారు. రాతి కొట్టాలు పాత సామాన్లకు మిగిలాయి. స్కాట్లండ్ అంతటా ఇట్లాంటి స్టెడింగ్‌లు ఖాళీ అయింది ఎక్కువగా ఇందుకే. కూలిపోయి కాదు, ఇరుకై.

"అప్పటికీ గొర్రెలుండేవి" అని కాసేపు ఆగింది. 2001 వసంతంలో గాలికుంటు రోగం వచ్చింది. స్కాట్లండ్‌లో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఈ డంఫ్రీస్, గాలోవే ప్రాంతమే. రోగం కనిపించిన పొలం నుంచి 3 కిలోమీటర్ల లోపల ఉన్న గొర్రెలన్నిటినీ, రోగం ఉన్నా లేకపోయినా, చంపేయాలన్నారు. వీళ్ల మందకు రోగం లేదు, పొలం మాత్రం ఆ గీత లోపల ఉంది. ఈనే కాలం. పొద్దున ఈనిన పిల్లలు కూడా పోయాయి. "మర్నాడు పొద్దున వాకిట్లోకి వస్తే చప్పుడు లేదు. నా పెళ్లయినప్పటి నుంచి ఈ వాకిట్లో చప్పుడు లేని పొద్దు అదొక్కటే" అంది. మా ఆవిడ లేచి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ఆ తర్వాత గొర్రెలు మళ్లీ తెచ్చుకున్నారు, పొలం ఇప్పుడు కొడుకు చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం పోవాలంటే వాకిట్లో మనుషులు తిరగాలని, రాతి ఇంటిని బాగు చేయించి అద్దెకివ్వాలనీ ఆ ఏడాదే అనుకున్నారట. డబ్బు కూడా కావాలి, అది ఆమె దాచలేదు.

బాగు చేయించడం అనగానే నేను అడిగింది గోడల సంగతి. నాకు ఆ సంగతి కావాలి. ఆ ఇల్లు మొదట కట్టింది సున్నంతో. దగ్గర్లోనే క్లోజ్‌బర్న్‌లో 18వ శతాబ్దం చివర పెద్ద సున్నపు బట్టీలు నడిచేవి. రాయి తవ్వి, బొగ్గుతో కాల్చి, బండ్ల మీద లోయంతా తోలేవారు. ఎక్కువ భాగం చేలకే పోయేది, వానకు పులిసిపోయిన నేలలో సున్నం చల్లితే తప్ప పంట రాదు. మిగిలింది గోడలకు. చేనూ ఇల్లూ ఒకే బట్టీ సున్నం తిన్నాయి. తర్వాత కాలంలో ఎవరో గోడ సందులన్నిటికీ సిమెంటు పూశారు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో లీడ్స్ తాపీమేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నాడు, 20వ శతాబ్దంలో పాత ఇళ్ల మరమ్మతులు ఎక్కువగా దానితోనే. గట్టిది, తొందరగా పట్టుకుంటుంది, చవక. ఎవరైనా దాన్నే వాడతారు.

కానీ రాతి గోడ లోపల ఒకటే రాయి కాదు. రెండు వైపులా రెండు పొరలు, మధ్యలో చిన్న రాళ్లు, మన్ను, సున్నం. వాన కొట్టినప్పుడు గోడ కొంత తాగుతుంది, ఎండ తగిలినప్పుడు, లోపల పొయ్యి మండినప్పుడు ఆ తడిని వదిలేస్తుంది. వదిలేది రాయిలోంచి కాదు, సందుల్లోని సున్నంలోంచి. సున్నం మెత్తన. గోడ కాస్త కదిలితే తనూ కదులుతుంది. ఏళ్ల తరబడి ఆ తడి బాధంతా తను పడి, పొడిపొడిగా రాలిపోతుంది, మళ్లీ పూసుకోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తాగిన నీళ్లు బయటికి పోలేక లోపలే ఉండిపోతాయి. చలికాలం గడ్డకట్టి ఉబ్బి, ఎర్ర ఇసుకరాయి ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడతాయి. లోపలి గోడ బూజు పడుతుంది. దూలం కొస గోడలో కుళ్లుతుంది. సున్నం అరిగిపోయి రాయిని కాపాడుతుంది, సిమెంటు తను నిలిచి రాయిని తినేస్తుంది.

ఈ ఇంటికి పూసిన సిమెంటును మేస్త్రీలు ఉలి పెట్టి సందు సందునా గీకి తీశారట. రెండు వేసవులు పట్టింది. మంచు కురిసే కాలంలో సున్నం పని చెయ్యకూడదు, పట్టుకోకముందే పగిలిపోతుంది. ఆ విద్య తెలిసిన మేస్త్రీలు ఒక దశలో దాదాపు లేకుండా పోతే, మళ్లీ నేర్పడానికి 1994లో ఫైఫ్‌లోని చార్ల్స్‌టౌన్‌లో స్కాటిష్ లైమ్ సెంటర్ అని ఒక ట్రస్టు పెట్టారు. సిమెంటు తీసిన తర్వాత ఏడాది పాటు గోడ తడి కక్కుతూనే ఉందని ఆమె చెప్పింది. "పొయ్యి ఆరనివ్వొద్దన్నాడు మేస్త్రీ. ఇంట్లో ఎవరూ లేకపోయినా రోజూ వచ్చి వెలిగించి, మంట ముందు కూర్చుని వెళ్లేదాన్ని."

ఆ మాట విన్నాక నాకు టీ మింగుడు పడలేదు.

మా ఇంటివి రాళ్లూ అడుసూ కలిపి కట్టిన గోడలు, పైన గానుగ సున్నం పూత. ఊరి బయట గుండ్రటి రాతి కాలువలో ఎద్దులు రాతి చక్రాన్ని లాగుతుంటే సున్నం నలగడం నా చిన్నప్పుడు చూశాను. ఏటా తొలకరికి ముందు మిద్దె మీద చౌడు తోలాలి. చౌడు మన్ను తడిస్తే బిగుసుకుని నీళ్లను దిగనియ్యదు. పండక్కి గోడలకు వెల్ల వెయ్యాలి. ఇవి చేసేది జేజి. ఆమె పోయిన తర్వాత నాయనకు చేతకాలేదు, నేను ఉద్యోగం అని ఊరూరా తిరుగుతున్నాను. ఏటా ఈ చౌడు, ఈ వెల్ల ఎవరు చూస్తారని, సిమెంటు పూస్తే నూరేళ్లు చూడక్కర్లేదని మేస్త్రీ చెప్తే, నేనే డబ్బు పంపించాను. లోపలా బయటా సిమెంటు పూశారు. చూడ్డానికి చక్కగానే ఉంది. నాయన పోయాక ఇంటికి తాళం పెట్టాం. కొన్నేళ్లకు గోడకు నడుమ భాగంలో కడుపు వచ్చింది. ఉబ్బిన గోడ పడమటి వైపు ఒక వాన రాత్రి కూలిపోయింది. లోపల ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదని ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి ధైర్యం చెప్పారు. ఎవరూ లేరు కాబట్టే కూలిందని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. నూరేళ్లు చూడక్కర్లేదన్న మాటకు నేను సంబరపడ్డాను చూడండి, అక్కడే ఇల్లు పోయింది. వేప దూలాలు, తలుపులు కొనుక్కుపోయారు. ఎద్దుల కొట్టం మెట్లు రెండూ ఇంకా ఉన్నాయి.

మూడో రోజు వాన తెరిపిచ్చింది. ఇంటి వెనక నుంచి కొండ మీదికి నడిచాను. ఎటు చూసినా రాళ్లు పేర్చిన గోడలు, అడుసు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి. వాటిని డైక్‌లు అంటారు. కొండ కొమ్ము దాకా గీత గీసినట్టు పోతాయి. వాటి పక్కన నడుమ చుట్టూ తెల్ల పట్టీ ఉన్న నల్లటి గాలోవే ఆవులు నిలబడి చూస్తున్నాయి. ఎంత అందంగా ఉందో! కానీ ఈ గోడల పుట్టుక తెలిస్తే అందం ఒక్కటే కనిపించదు. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ ఒకటయ్యాక ఇంగ్లండ్‌కు పశువుల బేరం పెరిగింది. భూస్వాములు కౌలుదార్లను లేవగొట్టి, వాళ్ల చేలన్నీ కలిపి పశువుల కోసం గోడలు కట్టించారు. 1724లో పక్కనే గాలోవేలో, ఇళ్లు పోగొట్టుకున్న వాళ్లు గుంపులుగా వచ్చి గడ్డపారలతో, వాసాలతో ఆ గోడలను కూలదోశారు. లెవెలర్స్ అని వాళ్లకు పేరు. గుర్రపు సైనికులను దింపి అణిచేశారు. గోడలు మళ్లీ లేచాయి. ఉత్తరాది కొండల్లో జనాన్ని లేవగొట్టిన సంగతి లోకమంతా చెప్పుకుంటుంది, ఈ దిగువ నేలలో ఇంకా ముందే జరిగింది మాత్రం చాలామందికి తెలియదు.

దాన్ని బట్టి చూస్తే మేం ఉన్న ఇల్లు పాతది కాదు, కొత్తది. చిన్న చిన్న కౌలుదార్లు, కాటర్లు అనే కూలి రైతులు గుంపుగా బతికిన పల్లెలు పోయి, ఒక పెద్ద పొలం, ఒక పెద్ద రైతు అనే పద్ధతి వచ్చాక లేచిన ఇల్లు అది. అంతకు ముందున్నవాళ్ల ఇళ్లు గడ్డిపెళ్లలతో, మట్టితో కట్టినవి. కలప దొరకని దేశం కాబట్టి ఇల్లు మారేటప్పుడు వాసాలు, దూలాలు భుజాన వేసుకుని పోయేవారు. కప్పు పోయిన మట్టి గోడ నాలుగు వానలకు నేలలో కలిసిపోయేది. కొండ వాలులో ఒకచోట గడ్డి మిగతా చోటి కంటే పచ్చగా, కొంచెం ఎత్తుగా, నలుచదరంగా కనిపించింది. అది ఇల్లో, గొర్రెల దొడ్డో నేను చెప్పలేను. కానీ అక్కడ కాసేపు నిలబడకుండా రాలేకపోయాను. బాగు చేయించి నిలబెట్టుకునేది రాతి ఇళ్లనే. మట్టి ఇంట్లో బతికినవాళ్ల ఆనవాలు నిలబెట్టడానికి గోడ ఉంటే కదా!

గుత్తి వాడికి స్కాట్లండ్ కొత్త పేరు కాదు. గుత్తి కోట కింద తెల్లవాళ్ల సమాధులున్న చోట థామస్ మన్రోను మొదట పూడ్చారు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. 1761లో గ్లాస్గోలో పుట్టిన మనిషి. 1800 నుంచి 1807 దాకా మా దత్త మండలాలకు కలెక్టరు. పొలం పొలం కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరు మీదే శిస్తు కట్టే పద్ధతి నిలబెట్టాడు. వేసిన శిస్తు భారమైనదే, తగ్గించమని వెళ్తూ వెళ్తూ తనే పైకి రాశాడు. అయినా మా వైపు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. నాకు ఆ కొండ మీద తట్టిందేమిటంటే, అదే కాలంలో ఆయన పుట్టిన దేశంలో రైతుకు చేను సొంతం కాదు. కౌలు మామూలుగా 19 ఏళ్లకు. రాళ్లు ఏరి, సున్నం చల్లి, గోడ కట్టి నేలను బాగు చేసినా గడువు తీరితే అదంతా భూస్వామిదే. మా జేజినాయనకు పట్టా ఉంది. సొంత చేను, సొంత మిద్దె. ఈ లోయలో కౌలుదారు మనవడికి దొరకని భద్రత నాకు పుట్టుకతోనే దొరికింది. దాన్ని నేను తాళం వేసి పెట్టాను.

నాలుగో రోజు ఎల్లీస్‌లాండ్ పోయాం. నిత్ ఒడ్డున స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ సేద్యం చేసిన పొలం, కట్టించుకున్న ఇల్లు. 1788లో 76 ఏళ్లకు కౌలు రాసుకున్నాడు. ఇల్లు లేచేదాకా దగ్గర్లో ఒక పొగచూరిన గుడిసెలో తలదాచుకున్నాడు. నేల సారం లేనిది, రాళ్లు. ఒక పక్క సుంకాల శాఖలో ఉద్యోగం, ఇంకో పక్క సేద్యం, మధ్యలో పాటలు. కొత్త సంవత్సరం రాత్రి ప్రపంచమంతా పాడే 'ఆల్డ్ లాంగ్ సైన్'ను ఆయన కాగితం మీద పెట్టింది ఇక్కడ ఉన్న రోజుల్లోనే. 1791లో పొలం వదిలేసి డంఫ్రీస్ పట్నానికి పోయాడు. 76 ఏళ్లకు రాసుకున్నవాడు నాలుగేళ్లు కూడా ఉండలేకపోయాడు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. ఆయన వాడిన వస్తువులున్నాయి, శుభ్రంగా ఉంది. నది ఒడ్డు దారిలో ఆయన నడిచిన చోట మేమూ నడిచాం. అయినా తిరిగి మేం దిగిన ఇంటికి వచ్చి తడి బూట్లు విప్పుతుంటే నాకు ఇదే ఎక్కువ బతికున్న ఇల్లనిపించింది. అక్కడ పొయ్యి ముందు మనం నిలబడి చూస్తాం, ఇక్కడ మా ఆవిడ ఆ మంట పక్కనే మనవరాలి మేజోళ్లు ఆరేసింది.

సాయంత్రం తొందరగానే చీకటి పడింది. ధాన్యం కొట్టు గోడ త్రికోణంగా లేచిన చోట, పైన ఒక చదరపు కన్నం ఉంది. కిటికీ అనుకున్నాను. పాత రైతులు గుడ్లగూబ కోసం వదిలిన కన్నమట. గింజలు తినే ఎలుకలను అది పడుతుంది. కొట్టు బాగు చేయించినప్పుడు కూడా ఆ కన్నం మూయకుండా లోపల ఒక పెట్టె అమర్చారు. మా ఊళ్లో ఇంటి మీద గుడ్లగూబ వాలితే జేజి నీళ్లు చల్లి శాంతి చేసేది. ఇక్కడ దానికి ఇల్లు కట్టేటప్పుడే చోటు పెట్టారు. చీకట్లో తెల్లగా, రెక్క చప్పుడు కూడా లేకుండా, వాకిటి మీదుగా అది పోవడం ఒక్కసారి చూశాను. ఊపిరి బిగబట్టుకుని నిలబడిపోయాను.

ఇట్లాంటి సెలవు ఇళ్ల మీద ఆ దేశంలో పేచీ ఉంది, అది చెప్పకపోతే తప్పు. ఊళ్లో మంచి ఇళ్లన్నీ వారానికొకరు వచ్చిపోయే ఇళ్లయితే అక్కడే పుట్టిన పిల్లలకు అద్దెకు కూడా ఇల్లు దొరకదు. బడికి పిల్లలు తగ్గుతారు, అంగడి మూత పడుతుంది. అందుకే 2022 అక్టోబర్ నుంచి స్కాట్లండ్‌లో ఇల్లు ఇట్లా రోజుల లెక్కన ఇవ్వాలంటే లైసెన్సు ఉండాలన్నారు. 2024 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద ఇంటి పన్ను రెట్టింపు దాకా వసూలు చేసుకునే హక్కు అక్కడి కౌన్సిళ్లకు వచ్చింది. నాకు అది న్యాయమే అనిపిస్తుంది. మనుషులు కాపురం ఉన్న ఇంటిని ఖాళీ చేయించి అతిథులకిచ్చేది ఒక పని. ఇరుకై, ఖాళీ పడి, కప్పు జారిపోతున్న కొట్టాన్ని నిలబెట్టి దీపం పెట్టేది ఇంకో పని. రెంటినీ ఒకే గాటన కట్టలేం. అయినా, వాళ్ల కొడుకు కొడుకులు ఇద్దరూ గ్లాస్గోలో ఉన్నారని ఆమె చెప్పినప్పుడు, ఈ ఇల్లు ఎవరి కోసం నిలబెట్టావమ్మా అని అడగాలనిపించి, అడగలేకపోయాను. ఆ ప్రశ్న ముందు నన్ను నేను అడుక్కోవాలి.

చివరి పొద్దున కిటికీలోంచి చూస్తే ఎదుటి పొలంలోకి పొట్టేళ్లను వదులుతున్నారు. ఆమె కొడుకు ఒక్కో పొట్టేలు రొమ్ముకు నీలం రంగు పూసి గేటు తీస్తున్నాడు. అది ఏ గొర్రె మీద ఎక్కితే ఆ గొర్రె వీపుకు రంగు అంటుతుంది. ఏ వారం ఏది కట్టిందో తెలుస్తుంది, ఈనే రోజు లెక్క కట్టుకోవచ్చు. దాదాపు 147 రోజులు. మనవరాలు గొర్రెలకు నీలం రంగు ఎందుకని అడిగితే మా ఆవిడ "పేరంటానికి పిలుస్తున్నారమ్మా, బొట్టు పెట్టి" అంది. ఇప్పుడు పూసిన రంగుకు మార్చి నెలాఖరుకు వాకిట్లో పిల్లల అరుపులు.

సామాన్లు కారులో పెట్టారు. నేను పొయ్యి ముందు కూర్చున్నాను. బూడిద ఎత్తి రేకు డబ్బాలో పోశాను. జేజి రాత్రిపూట నిప్పులను బూడిదతో కప్పి పడుకునేది, తెల్లారి ఊదితే రాజుకునేవి. ఇక్కడ నిప్పు ఉంచకూడదు, ఇంట్లో ఎవరూ ఉండరు. కాగితాలు నలిపి అడుగున పెట్టాను. పుల్లలు అడ్డంగా, నిలువుగా. కట్టెల గంపలో బాగా ఎండినవి రెండు ఏరాను, చేత్తో తట్టి చూసి, ఖంగుమన్నవి. గాలి ఆడేలా వాటి మధ్య వేలెడు సందు ఉంచాను. మనవరాలు ఇంకో పుల్ల తెచ్చి పైన పెట్టింది. "ఎవరికి తాతా?" "వచ్చేవాళ్లకు." "వాళ్ల పేరేంది?" తెలియదన్నాను. ఆ పిల్ల అగ్గిపెట్టె తీసి పొయ్యి పక్కన, మాకు దొరికిన చోటే, పెట్టి వచ్చింది. గాజు తలుపు మూశాను.

కారు సన్న దారిలోకి తిరిగాక మా అమ్మాయిని అడిగాను, డిసెంబర్‌లో గుత్తి వస్తావా, ఊరికి పోయి ఆ మిగిలిన గోడల సిమెంటు ఎంత ఊడుతుందో చూద్దామని.